ఉద్యోగమిచ్చేవారి కంట పడటం ఎలా? – లింక్డ్‌ఇన్ పేజీని తీర్చిదిద్దుకునే పద్ధతి



వార్షికోత్సవ సంచికకు విద్యార్థులకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసి అడిగారు. నేను రచయితను కాను. హైదరాబాదులో ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో లెక్కలు చూసుకునే ఉద్యోగిని. 2013 నుంచి 2016 వరకు మీరిప్పుడు ఉంటున్న ఈ హాస్టల్లోనే ఉండి బి.కాం. కంప్యూటర్స్ చదివాను. చదువయ్యాక నాకు ఎదురైన ఇబ్బంది మీకు ఎదురు కాకూడదని, నేను ఆలస్యంగా నేర్చుకున్న విషయం ఒకటి మీకు ముందుగానే చెబుతున్నాను.

2016లో డిగ్రీ పూర్తి చేసి హైదరాబాదు వెళ్లాను. అమీర్‌పేటలో నలుగురం కలిసి ఒక గది తీసుకున్నాం. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగం ఉందంటే వెళ్లాను. చేతికి ఒక ఫారం ఇచ్చారు. అన్నీ నింపాక చివర రెండు గడులు మిగిలాయి. మీ గురించి చెప్పగల ఇద్దరు పెద్దల పేర్లు, హోదాలు రాయమని ఉంది. మా నాన్న భవన నిర్మాణ కూలీ. అమ్మ పొలం పనులకు వెళ్తుంది. మా వాడకు తెలిసిన ఉద్యోగి అంటే పోస్ట్‌మ్యాన్ ఒక్కడే. పది నిమిషాలు ఆలోచించి మొదటి గడిలో వార్డెన్ గారి పేరు రాశాను. రెండో గడి ఖాళీగా వదిలేశాను.

లోపల కూర్చున్నాయన ఫారం చూసి రెండే ప్రశ్నలు అడిగారు. "మీ నాన్నగారేం చేస్తారు? ఇక్కడికి నిన్ను ఎవరు పంపారు?" టాలీ గురించి అడుగుతారని నేను రాత్రంతా చదువుకుని వెళ్లాను. ఆ ప్రశ్న రానే లేదు. తర్వాత కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు.

మన పిల్లల్లో తెలివికి లోటు లేదు, కష్టపడే గుణానికి అంతకన్నా లోటు లేదు. లోటల్లా ఆ రెండో గడిదే. మనల్ని ఎరిగినవాళ్లు ఉద్యోగాలు ఉన్నచోట లేరు. ఆ లోటును కొంతవరకు పూడ్చుకునే సాధనాల్లో లింక్డ్‌ఇన్ ఒకటి. దాన్ని సరిగా వాడటం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

లింక్డ్‌ఇన్ అంటే ఏమిటి?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మీ అందరికీ తెలుసు. అవి స్నేహితుల కోసం. లింక్డ్‌ఇన్ వృత్తి, ఉద్యోగాల కోసం. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2003 మే నెలలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీన్ని కొనుగోలు చేసింది. 2023 నవంబరు నాటికి ప్రపంచమంతటా దీని సభ్యుల సంఖ్య 100 కోట్లు దాటింది. అందులో మన దేశంవారే 10 కోట్లకు పైగా ఉన్నారు. పేరు నమోదుకు రుసుము లేదు. డబ్బు కట్టి తీసుకునే ప్రీమియం సదుపాయం ఉంది కానీ ఉద్యోగం వెతుక్కునే విద్యార్థికి అది అవసరం లేదు. 16 ఏళ్లు నిండినవారే చేరాలి కాబట్టి పాఠశాల తమ్ముళ్లు కొంతకాలం ఆగాలి.

ఇది పనిచేసే తీరును ముందుగా అర్థం చేసుకోండి. ఉద్యోగం కావలసినవారు ప్రకటనలు చూసి దరఖాస్తు చేయడం ఒక పద్ధతి. ఉద్యోగులు కావలసినవారు తామే మనుషుల్ని వెతకడం రెండో పద్ధతి. కంపెనీలో నియామకాలు చూసే వ్యక్తి వెతికే చోట "అకౌంట్స్, టాలీ, జీఎస్టీ, కర్నూలు" అని కొడతారు. ఆ మాటలు ఎవరి పేజీలో ఉంటే వారి పేర్లు వరుసగా వస్తాయి. మీకు టాలీ ఎంత బాగా వచ్చినా, మీ పేజీలో ఆ మాట లేకపోతే ఆ వరుసలో మీరు ఉండరు. కాబట్టి మీకు వచ్చిన పనిని, వెతికేవారు వాడే మాటలతోనే రాసి పెట్టడం ఈ విద్యలో సగభాగం. మిగిలిన సగం మనుషులతో పరిచయం.

దూరపు పరిచయమే దారి చూపుతుంది

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక ప్రసిద్ధ పత్రం ప్రచురించారు. బోస్టన్ నగర శివార్లలో ఉద్యోగం మారినవారిని అడిగి చూస్తే, పరిచయం ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ కబురు రోజూ కలిసే మిత్రుడి నుంచి రాలేదు. ఎప్పుడో ఒకసారి కనిపించే మనిషి నుంచి వచ్చింది. కారణం తేలికే. మన గదిలో ఉన్న మిత్రుడికి తెలిసింది మనకూ తెలుసు. వేరే ఊళ్లో, వేరే పనిలో ఉన్న మనిషికే మనకు తెలియని కబురు తెలుస్తుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం లింక్డ్‌ఇన్‌లోనే దాదాపు 2 కోట్ల మంది సభ్యుల పరిచయాలను ఐదేళ్ల పాటు పరిశీలించింది. మరీ దగ్గరివాళ్ల కంటే ఒక మోస్తరు దూరపు పరిచయాలే ఉద్యోగాలకు ఎక్కువ సాయపడ్డాయని తేల్చింది.

డబ్బున్నవారి పిల్లలకు ఈ దూరపు పరిచయాలు పుట్టుకతోనే ఉంటాయి. నాన్నగారి స్నేహితుడు ఒకరు, బాబాయి గారి ఆఫీసులో ఒకరు ఉంటారు. మనం వాటిని సంపాదించుకోవాలి. సంపాదించుకోవడంలో చిన్నతనం లేదు.

ఒక చేదు నిజం

ఈ సాధనం అన్ని తలుపులూ తెరుస్తుందని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రమే మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. అదే ఏడాది అశ్వినీ దేశ్‌పాండే, కేథరిన్ న్యూమన్ ఢిల్లీలోని విశ్వవిద్యాలయాల విద్యార్థులతో మాట్లాడి, ఇంటర్వ్యూల్లో "మీ కుటుంబ నేపథ్యం ఏమిటి" అనే ప్రశ్న మన విద్యార్థులను ఎలా ఇబ్బంది పెడుతుందో రాశారు. ఇవి చదివాక, ఆ రోజు నన్నడిగిన రెండు ప్రశ్నలు నా ఒక్కడి కథ కాదని తెలిసింది.

లింక్డ్‌ఇన్‌లో మన పేరు, ఫోటో కనిపిస్తూనే ఉంటాయి. కనుక ఆ వివక్ష అక్కడ మాయం కాదు. అయితే ఒక మేలు ఉంది. ఒక ఇంటర్వ్యూ గదిలో ఒక్క మనిషి మాత్రమే ఉంటాడు. ఇక్కడ మన పేజీని వందలాది మంది చూడవచ్చు. పది మంది పక్కకు నెట్టినా, పని చూసి పిలిచే పదకొండో మనిషికి మనం కనిపించాలి.

పేజీ తయారు చేసుకునే క్రమం

1. పేరు, ఈమెయిల్: పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్న పేరే రాయండి. తర్వాత సర్టిఫికెట్లతో సరిచూసినప్పుడు తేడా రాకూడదు. సినిమా హీరోల పేర్లతో, ముద్దుపేర్లతో ఉన్న ఈమెయిల్ వద్దు. మీ పేరుతో కొత్తది తెరవండి. దాని పాస్‌వర్డును ఒక పుస్తకంలో రాసి ట్రంకు పెట్టెలో దాచుకోండి. నంబరు మార్చి, పాస్‌వర్డు మరిచి మూడేళ్ల పేజీని పోగొట్టుకున్న మిత్రులు నాకున్నారు. మీ పేజీకి ఒక చిరునామా వస్తుంది. దాని చివర ఉన్న అంకెలు తీసేసి మీ పేరు వచ్చేలా మార్చుకునే వీలుంది. మార్చుకుని రెజ్యూమెలో వేసుకోండి.

2. ఫోటో: స్టూడియోకు వెళ్లనక్కర్లేదు. ఉదయం ఎనిమిది గంటలకు హాస్టల్ వరండాలో, వెల్లవేసిన గోడ ముందు నిలబడి మిత్రుడితో ఫోన్‌లో తీయించుకోండి. ఇస్త్రీ చేసిన చొక్కా చాలు. ముఖం స్పష్టంగా కనిపించాలి. నా మొదటి ఫోటో మా అక్క పెళ్లిలో తీసిన గుంపు ఫోటో నుంచి కత్తిరించింది. పక్కనున్న బాబాయి చెయ్యి నా భుజం మీద అలాగే ఉండిపోయింది.

3. శీర్షిక: పేరు కింద ఒక వరుస ఉంటుంది. దాన్ని హెడ్‌లైన్ అంటారు. ఇందులో 220 అక్షరాల వరకు పడతాయి. వెతికినప్పుడు మీ పేరుతో పాటు ముందుగా కనిపించేది ఇదే. నేను మొదట అందరిలాగే "పేరున్న సంస్థలో సవాలుతో కూడిన ఉద్యోగం కోరుతున్నాను" అని రాశాను. ఆ వాక్యంలో నాకేం వచ్చో ఒక్క మాట లేదు. ఏడు నెలల పాటు ఒక్కరు కూడా పలకరించలేదు. తర్వాత ఇలా మార్చాను: "బి.కాం. కంప్యూటర్స్ – టాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు – అకౌంట్స్ అసిస్టెంటు పనికి సిద్ధం – హైదరాబాదు." చదువు, చేతనైన పని, కావలసిన ఉద్యోగం, ఊరు నాలుగూ ఉండాలి. అసలు పేజీలో ఇదంతా ఇంగ్లీషులో రాయండి, ఎందుకంటే వెతికేవారు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెతుకుతారు.

4. నా గురించి: అబౌట్ అనే ఈ భాగంలో 2600 అక్షరాల వరకు రాయవచ్చు. అంత రాయనక్కర్లేదు. మొదటి రెండు మూడు వరుసలే పైకి కనిపిస్తాయి. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి అసలు విషయం మొదటి వరుసలోనే ఉండాలి. ఏం చదివారు, ఏ పని చేయగలరు, అది చేసినట్టు ఒక ఉదాహరణ, ఎలాంటి ఉద్యోగం కావాలి అనే నాలుగు విషయాలు చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. ఇంటర్నెట్ సెంటర్‌లో దొరికే రెజ్యూమె నుంచి కాపీ కొట్టిన పెద్ద పెద్ద మాటలు వద్దు. ఇంటర్వ్యూలో ఆ మాటకు అర్థం అడిగితే చెప్పగలగాలి. ఇంగ్లీషు తప్పులుంటాయని భయపడేవారు రాసిన దాన్ని లెక్చరర్ గారికి చూపించండి. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు కూడా తప్పులు దిద్దిపెడతాయి. దిద్దించుకోండి, కానీ మొత్తం వాటితోనే రాయించకండి. అందరి పేజీలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే మీ పేజీ ఎందుకు చూడాలి?

5. అనుభవం: "మాకు అనుభవం ఏముంది అన్నా?" అని ప్రతి తమ్ముడూ అడుగుతాడు. ఒకసారి ఆలోచించండి. నేను రెండేళ్లు మెస్ కమిటీలో ఉన్నాను. రోజూ 110 మందికి సరిపడా బియ్యం, పప్పు, నూనె లెక్క కట్టి ఇచ్చేవాళ్లం. స్టాకు రిజిస్టరు రాసేవాళ్లం. నెలాఖరుకు బిల్లులతో సరిచూసేవాళ్లం. అది లెక్కల పని కాదా? వేసవి సెలవుల్లో ఎరువుల దుకాణంలో బిల్లులు రాసినవారున్నారు. వాడలో పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పినవారున్నారు. ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో 200 మందికి భోజనాలు ఏర్పాటు చేసినవారున్నారు. ఇవన్నీ రాయండి. "కష్టపడి పనిచేస్తాను" అని రాస్తే ఎవరూ నమ్మరు. ఎంతమందికి, ఎంతకాలం, ఏ పని, ఏం ఫలితం అనేవి అంకెలతో రాస్తే నమ్ముతారు.

6. నైపుణ్యాలు, ధ్రువపత్రాలు: మీరు కోరుకునే ఉద్యోగం ప్రకటనలు పది తీసి చదవండి. పదింటిలో ఎక్కువసార్లు కనిపించే మాటలు ఒక కాగితం మీద రాయండి. వాటిలో మీకు వచ్చినవి పేజీలో చేర్చండి. రానివి నేర్చుకోండి. నేర్చుకోవడానికి స్వయం, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ధ్రువపత్రం కావాలంటే పరీక్ష రుసుము కట్టాలి. ఎన్‌పీటీఈఎల్ పరీక్షకు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రుసుములో రాయితీ ఉంది. అడిగి తీసుకోండి.

7. పని నమూనా: చెప్పిన మాట కంటే చూపిన పని గట్టిది. లెక్కల విద్యార్థి ఊహించుకున్న ఒక చిన్న దుకాణానికి నెల రోజుల లెక్క ఎక్సెల్‌లో వేసి పెట్టవచ్చు. కంప్యూటర్ విద్యార్థి తాను రాసిన ప్రోగ్రామును గిట్‌హబ్‌లో పెట్టి దాని చిరునామా ఇవ్వవచ్చు. ఐటీఐ తమ్ముడు తాను చేసిన వెల్డింగ్ జాయింటు, వైరింగ్ బోర్డు ఫోటోలు పెట్టవచ్చు. ఫీచర్డ్ అనే భాగం ఇందుకే ఉంది.

8. సిఫారసు: మీ గురించి మరొకరు నాలుగు వాక్యాలు రాసే సదుపాయం ఇందులో ఉంది. లింక్డ్‌ఇన్‌లో ఉన్న మీ లెక్చరర్ గారినో, ప్రాజెక్టు చూసిన సారునో వినయంగా అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా. మీరు చేసిన ఫలానా పని గురించి రాయమని గుర్తుచేస్తే వారికీ సులువు.

9. ఓపెన్ టు వర్క్: ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నానని తెలిపే గుర్తు ఇది. నియామకాలు చేసేవారికి మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు, ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీతో అందరికీ కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. చదువు అయిపోతున్నవారు అందరికీ కనిపించేలా పెట్టినా నష్టం లేదు. ఉద్యోగంలో ఉండి మారాలనుకునేవారు మాత్రం మొదటిదే ఎంచుకోవాలి.

ఏం రాయనక్కర్లేదు?

కులం, మతం, తండ్రి వృత్తి, పుట్టిన తేదీ, పెళ్లి వివరం, ఇంటి చిరునామా, ఆధార్ నంబరు వీటిలో ఏదీ పేజీలో అవసరం లేదు. పనికి సంబంధించినదే రాయండి.

సాంఘిక సంక్షేమ హాస్టల్ పేరు రాయాలా వద్దా అని చాలామంది నన్ను రహస్యంగా అడుగుతారు. నేను మొదట రాయలేదు. ఆ పేరు చూస్తే కులం తెలిసిపోతుందని భయపడ్డాను. కానీ ఆ పేరు తీసేస్తే మెస్ కమిటీ పని కూడా తీసేయాల్సి వచ్చింది. నాకున్న ఒకే ఒక్క లెక్కల అనుభవం అది. చివరకు రాశాను. రాసినందువల్ల నన్ను పిలవనివాళ్లు ఉండవచ్చు, నాకు తెలియదు. నన్ను పిలిచినాయన మాత్రం ఇంటర్వ్యూలో పావుగంట సేపు ఆ స్టాకు రిజిస్టరు గురించే అడిగారు. రాయడం, రాయకపోవడం మీ ఇష్టం. ఆ లెక్క మీరే వేసుకోండి. సిగ్గుపడి మాత్రం దాచకండి. సిగ్గుపడాల్సింది మనం కాదు.

పరిచయాలు పెంచుకోవడం

పేజీ సిద్ధమయ్యాక దాన్ని అలా వదిలేస్తే తాళం వేసిన ఇల్లు లాగా ఉంటుంది. మీ కళాశాల పేరు వెతికి ఆ పేజీ తెరవండి. అందులో పూర్వ విద్యార్థుల భాగం ఉంటుంది. ఏ ఏడాది చదివారు, ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ సంస్థలో ఉన్నారు అన్నది అక్కడ కనిపిస్తుంది. మన కళాశాలలోనే చదివి బెంగళూరులో, పుణెలో, దుబాయిలో పనిచేస్తున్నవాళ్లు ఉంటారు. గ్రానోవెటర్ చెప్పిన దూరపు పరిచయాలు వీళ్లే.

వారికి పరిచయం కోరుతూ చిన్న చీటీ రాయవచ్చు. "సర్, జాబ్ ఉంటే చెప్పండి ప్లీజ్" అని రాయకండి. వారికి అలాంటివి రోజూ వస్తాయి. ఇలా రాయండి: "నమస్తే మేడమ్. మీరు చదివిన కళాశాలలోనే నేను బి.కాం. చివరి ఏడాది చదువుతున్నాను. మీరు ఆడిట్ రంగంలో ఉన్నారని చూశాను. ఈ రంగంలోకి రావాలంటే ఈ ఆరు నెలల్లో నేను ముందు ఏం నేర్చుకోవాలో ఒక్క మాట చెప్పగలరా?" ఉద్యోగం అడిగితే ఇవ్వలేక మౌనంగా ఉంటారు. సలహా అడిగితే చాలామంది ఇస్తారు. చెప్పింది నేర్చుకుని నెల తర్వాత "మీరు చెప్పినట్టు చేశాను మేడమ్" అని తెలియజేయండి. అప్పుడు మీరు వారికి గుర్తుంటారు. బదులు రాకపోతే నొచ్చుకోవద్దు, మళ్లీ మళ్లీ వేధించవద్దు.

నా విషయంలో జరిగింది ఇదే. మన హాస్టల్లోనే నాకంటే ఆరేళ్లు ముందు చదివిన అన్న ఒకరు లింక్డ్‌ఇన్‌లో కనిపించారు. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి రాబోతోందని, చిన్న ఆడిట్ కార్యాలయాలకు ఆ పని తెలిసినవాళ్లు కావలసి వస్తారని ఆయనే చెప్పారు. అంతకు ముందు ఏడాది వచ్చిన చౌక ఇంటర్నెట్ పుణ్యమా అని గదిలో కూర్చునే ఫోన్‌లో నేర్చుకున్నాను. పేజీలో ఆ మాట చేర్చాను. రెండు నెలల్లో ఒక ఆడిటర్ గారి నుంచి కబురు వచ్చింది. జీతం మొదట్లో తక్కువే. కానీ ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "జీఎస్టీ రిటర్ను వేయడం వచ్చా?"

వారానికి మూడు గంటలు దీనికి కేటాయిస్తే చాలు. ఆదివారం ఒక గంట ప్రకటనలు చదవడం, ఒక గంట ఇద్దరు ముగ్గురికి చీటీలు రాయడం, ఒక గంట ఆ వారం నేర్చుకున్నదాన్ని పేజీలో చేర్చడం. అంతకు మించి కూర్చుంటే ఇదీ ఇన్‌స్టాగ్రామ్ లాగానే కాలం మింగేస్తుంది.

మోసాల పట్ల జాగ్రత్త

మనం వెతుకుతున్నామని తెలిస్తే మంచివారితో పాటు మోసగాళ్లూ వస్తారు. ఈ మాటలు గుర్తుంచుకోండి.

రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అంటూ ఉద్యోగానికి డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. ఓటీపీ, బ్యాంకు వివరాలు చెప్పవద్దు. వచ్చిన ఈమెయిల్ కంపెనీ పేరుతో ఉందా, మామూలు జీమెయిల్ నుంచి ఉందా చూడండి. వెంటనే వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మంటే అనుమానించండి. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటుకు ప్రభుత్వ అనుమతి ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి విశాఖపట్నం ప్రాంతం యువకులను కంబోడియా తీసుకెళ్లి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన ఉదంతం 2024లో బయటపడింది. వెళ్లినవాళ్లూ మనలాగే ఉద్యోగం వెతుక్కున్న పిల్లలే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

చెల్లెళ్లకు ఒక మాట. ఉద్యోగం పేరుతో వ్యక్తిగత విషయాలు, ఫోటోలు అడిగేవారికి జవాబు ఇవ్వనక్కర్లేదు. బ్లాక్ చేసి, ఫిర్యాదు బటన్ నొక్కండి. మర్యాద కోసం ఓర్చుకోవాల్సిన పని లేదు.

ఇంకొక మోసం మనం చేసేది. లేని అనుభవానికి డబ్బులిచ్చి పత్రాలు కొనుక్కునే అలవాటు నగరాల్లో ఉంది. మూడేళ్లు పనిచేశానని పేజీలో రాయమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఇప్పుడు పెద్ద సంస్థలు పాత యజమానిని, భవిష్య నిధి ఖాతాను కూడా సరిచూస్తాయి. చేరిన ఆరు నెలలకు బయటపడి ఉద్యోగం పోయినవాళ్లను చూశాను. అప్పుడు ఇంటికి ఏ ముఖంతో వెళ్తాం? చిన్నదైనా నిజమే రాయండి.

ఇదొక్కటే దారి కాదు

గ్రూప్స్, బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివేవారు ఆ చదువు మానవద్దు. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో కూడా పేరు నమోదు చేసుకోండి. కళాశాల ప్లేస్‌మెంట్ బోర్డు రోజూ చూడండి. చిన్న ఊళ్లలోని దుకాణాలు, వర్క్‌షాపులు ఇప్పటికీ మనిషిని నేరుగా చూసే పనిలో పెట్టుకుంటాయి. లింక్డ్‌ఇన్ వీటికి తోడు మాత్రమే. డిగ్రీ చివరి ఏడాదిలో కాక మొదటి ఏడాదిలోనే మొదలుపెడితే చదువయ్యేసరికి మీ పేజీలో మూడేళ్ల పని ఉంటుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేయండి. ఈ సంచిక చదివిన ఆదివారం స్టడీ అవర్ అయ్యాక నలుగురు నలుగురు కూర్చుని ఒకరి శీర్షిక ఒకరు రాయండి. మన గురించి మనం రాసుకోవడానికి మొహమాటపడతాం. పక్కవాడి మంచి పని మాత్రం మనకు బాగా గుర్తుంటుంది. ఫోన్ లేనివారికి ఉన్నవారు గంటసేపు ఇవ్వండి.

రేపు మీకూ ఒక ఫారం ఇస్తారు. చివర రెండు గడులు ఉంటాయి. మొదటి గడిలో వార్డెన్ గారి పేరు రాయండి, వారు కాదనరు. రెండో గడి దగ్గర మీ కలం ఆగిపోతే నాకు ఫోన్ చేయండి. నా పేరు, నంబరు వార్డెన్ గారి దగ్గర ఉన్నాయి.

మీ అన్న,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి (2013–16), బి.కాం. కంప్యూటర్స్